మేయర్ గారి గాలిపెట్టె

మా రుదోవాట్స్ పట్టణ మేయర్ వుకాషిన్ పెర్లిచ్ గారు యాభై మూడో ఏట మళ్ళీ విద్యార్థి అయ్యారు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం, టౌన్ హాల్ మెట్ల మీద, ఇద్దరు విలేకరుల, ఒక బ్యాండుమేళం ఎదుట ఆ సంగతి ప్రకటించారు.

"ప్రజల ఊపిరితిత్తులే నా ఊపిరితిత్తులు," అన్నారాయన. "వాటి గురించి చదువుకోకుండా ఎన్నాళ్ళని పాలిస్తాను? పర్యావరణ ఆరోగ్య శాస్త్రంలో మాస్టర్స్ చేస్తున్నాను."

బ్యాండు మోగింది. మేయర్ గారు దగ్గారు. ఆ రోజు పొగ కాస్త కిందికే దిగింది.

ప్రవేశాలు అక్టోబరులోనే ముగిశాయి కదా అని ఒక విలేకరి సందేహపడ్డాడు. పక్కనే ఉన్న ప్రొఫెసర్ జివాన్ గారు, ప్రజారోగ్య విభాగంలో ఈ ఏడు అక్టోబరు డిసెంబరు నెలాఖరు దాకా నడుస్తుందని వివరించారు. విలేకరి రాసుకున్నాడు.

నా పేరు మిలున్. ఆ విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా త్రాసు దగ్గర పనిచేస్తున్నాను. గాలిలో దుమ్మును కొలిచే యంత్రం మాకు ఒకటుంది. ఊళ్ళో దాన్ని గాలిపెట్టె అంటారు. అందులో రోజూ ఉదయం ఒక తెల్లకాగితం పెడతాను. మర్నాటికి అది నల్లబడుతుంది. తీసి తూస్తాను. పెట్టె మీద చిన్న తెర కూడా ఉంది. అది గంటగంటకూ ఒక అంకె చూపించి, అదే అంకెను రాజధానికి పంపిస్తుంది. యాభై దాటకపోతే మంచి గాలి.

ఆ చలికాలం పెట్టె పసిపిల్లల బడి పెరట్లో ఉంది. ఊరంతటి ఇళ్ళకూ వేడినీళ్ళు పంపే బొగ్గు బాయిలర్ ప్లాంటు ఆ పెరటి గోడకు అవతలే. ప్లాంటు డైరెక్టరు మేయర్ గారి బావమరిది. పెట్టెను అక్కడ పెట్టించింది మాత్రం మా మాస్టర్స్ విద్యార్థిని దున్యా. ఒకే చోట, ఒకే చలికాలంలో, అంటే అక్టోబరుకూ ఏప్రిల్ నెలాఖరుకూ మధ్య, తొంభై రోజుల కాగితాలు పరిమితి దాటాయని తేలితే పొగగొట్టానికి దుమ్ము ఆపే యంత్రం బిగించి తీరాలని చట్టం. ఆ తొంభై కాగితాలే దున్యా థీసిస్. అవి లేకపోతే ఆమెకు డిగ్రీ లేదు, పిల్లలకు గాలి లేదు.

మేయర్ గారు విద్యార్థి అయిన రోజుకి అరవై కాగితాలు అయ్యాయి. తెర మీద అంకె నూట నలభై.

క్లాసులో మేయర్ గారు ముందు వరుసలో కూర్చున్నారు. నోట్సు డ్రైవరు గావ్రా రాసేవాడు. మేయర్ గారి చేతికి సంతకం తప్ప వేరే రాత అలవాటు తప్పింది. కానీ అడిగిన ప్రశ్న మాత్రం స్వయంగా అడిగారు.

"ప్రొఫెసర్ గారూ, దుమ్ము పెట్టె దగ్గరికి వస్తుందా, పెట్టె దుమ్ము దగ్గరికి వెళ్తుందా?"

"దుమ్మే వస్తుందండీ."

"అంటే దుమ్మున్న చోట పెట్టె పెడితే దుమ్మే కనిపిస్తుంది."

"అంతేనండీ."

"అది పెట్టెకు అన్యాయం కాదూ?"

విభాగానికి కొత్త భవనం కావాలన్న అర్జీ అప్పటికి నాలుగేళ్ళుగా మేయర్ గారి బల్ల మీద ఉంది. ఇంత లోతైన ప్రశ్న తన సర్వీసులో వినలేదని ప్రొఫెసర్ గారు అన్నారు. అక్కడికక్కడే థీసిస్ విషయం ఖరారైంది: 'గాలి నాణ్యతపై పెట్టె మకాం ప్రభావం.'

మర్నాడు ఉదయం గావ్రా లారీ తెచ్చాడు. నేను అరవై ఒకటో కాగితం తీసి సంచిలో పెట్టుకున్నాను. దున్యా పెట్టెకు అడ్డంగా నిలబడింది. పిల్లలు ఆ పెట్టెకు చలి వేస్తుందని ఉన్నిటోపీ ఒకటి తొడిగారు. దాన్ని ఊడదీయడానికి గావ్రాకు మనసొప్పలేదు. మేయర్ గారే కారు దిగి వచ్చారు.

"అమ్మాయ్ దున్యా, మనం క్లాసుమేట్లం. క్లాసుమేటు దగ్గర పెట్టె దాచుకుంటారా?"

"ఇంకో ఇరవై తొమ్మిది రోజులండీ. పిల్లలు దగ్గుతున్నారు."

"అందుకే తీసుకెళ్తున్నాను. పక్కన అలా దగ్గుతుంటే అది పనెలా చేసుకుంటుంది?"

ఆయనే స్వయంగా టోపీ తీసి దున్యా చేతికిచ్చారు. అంత పెద్ద పదవిలో ఉండి కూడా చిన్న పనులు చేసుకోగల మనిషి.

పెట్టె మొదటి మకాం శ్మశానం. అక్కడివాళ్ళు పొయ్యి వెలిగించరు, బండి నడపరు, ఫిర్యాదు చేయరు. రెండు నెలలు అంకె ముప్ఫై దాటలేదు. మేయర్ గారు పేపర్లలో ఊరికి అభినందనలు తెలుపుకున్నారు.

ఫిబ్రవరిలో పెద్దల శనివారం వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో బతికున్నవాళ్ళందరూ శ్మశానానికి వెళ్ళి, చనిపోయిన ఒక్కొక్కరి పేరునా ఒక్కో మైనపువత్తి వెలిగిస్తారు. మా ఊళ్ళో చనిపోయినవాళ్ళు ఎక్కువ. పైగా మేయర్ గారి తండ్రి సమాధి పెట్టెకు పది అడుగుల దూరంలోనే ఉంది. మేయర్ గారు ఆయన కోసం తన నడుమంత లావున్న వత్తి తెచ్చారు. కొడుకంటే అలా ఉండాలి అని ముసలివాళ్ళు అనుకున్నారు. అంకె నూట ఎనభై ఒకటికి చేరింది.

రెండు వందలు కాలేదు కాబట్టి సరిపోయింది. ఊరి పెట్టె ఎక్కడున్నా సరే, వరసగా మూడు గంటలు రెండు వందలు దాటితే బాయిలర్ దానంతటదే రెండు రోజులు ఆగిపోవాలి. ఆ నిబంధన తెచ్చింది మేయర్ గారే. కిందటేడు విదేశీ అతిథులు వచ్చినప్పుడు, వాళ్ళతో ఫోటో దిగడానికి ఏదో ఒక నిబంధన అవసరపడింది.

పెట్టె రెండో మకాం ఊరికి పదకొండు కిలోమీటర్ల దూరంలో, దేవదారు చెట్ల కొండ మీద, వేటగాళ్ళ బంగళా. అక్కడ అంకె ఆరు.

మేయర్ గారి థీసిస్ ఇరవై నాలుగు పేజీలు. పదిహేడింటిలో పెట్టె పక్కన మేయర్ గారున్నారు. మూడో అధ్యాయంలో 'ఈ పెట్టె ఎన్నడూ తప్పు చెప్పదు' అన్న వాక్యం లావు అక్షరాల్లో ఉంది. సారాంశం ఇది: పెట్టెను పదకొండు కిలోమీటర్లు జరిపితే పట్టణంలో గాలి తొంభై అయిదు శాతం మెరుగుపడుతుంది, కాబట్టి పెట్టెను ఎప్పుడూ అన్నిటికన్నా శుభ్రమైన చోటే ఉంచాలి. నేను లెక్కలు సరిచూశాను. లెక్క తప్పలేదు.

మౌఖిక పరీక్ష మార్చి మధ్యలో ఆ బంగళాలోనే పెట్టారు. పరీక్ష అయ్యాక అభ్యర్థి పరీక్షకులకు భోజనం పెట్టడం మా ఆచారం. మామూలు విద్యార్థులు జున్ను రొట్టె, కాఫీ ఇస్తారు. మేయర్ గారు తొమ్మిది గొర్రెపిల్లలను కొండెక్కించారు. అవి ఈస్టరు ముందు ఉపవాస దినాలు. సైన్సుకు ఉపవాసం వర్తించదని ఆయన చెప్పారు.

వంటవాళ్ళు పొద్దున్నే వచ్చారు. గొర్రెపిల్లలను ఇనుప కమ్మీలకు గుచ్చి, కింద కట్టెల మంట పెట్టి, నాలుగైదు గంటలు తిప్పుతూ కాల్చాలి. కొండ మీద గాలి విసురుగా ఉంది. మంట ఎక్కడ పెట్టాలని వంటవాడు అడిగాడు. పెద్దలందరూ లోపలున్నారు. బయట నేనూ, పూలగుత్తి ఇవ్వడానికి పిలిపించిన క్లాసుమేటు దున్యా ఉన్నాం.

దున్యా బంగళా మీద ఎగురుతున్న జెండా వైపు చూసింది. వేలు తడిచేసి గాలిలో పట్టింది.

"అక్కడ, ఆ పెట్టె పక్కన," అంది. "గోడ చాటు. పొగ ఎటూ పోదు."

అభ్యంతరం చెప్పాల్సిన ఉద్యోగం నాది. సరిగ్గా అప్పుడే నా బూటు లేసు ఊడింది. కట్టుకుని లేచేసరికి మంటలు అంటుకున్నాయి.

లోపల పరీక్ష హోరాహోరీగా సాగింది. ముఖ్యమైన ఫలితం ఏమిటని ప్రొఫెసర్ జివాన్ గారు అడిగారు. గాలి బాగుందని మేయర్ గారు చెప్పారు. పరిశోధనకు పరిమితులేమైనా ఉన్నాయా అని రెండో పరీక్షకుడు అడిగాడు. తనకెవరూ పరిమితులు పెట్టలేదని మేయర్ గారు చెప్పారు. మూడో పరీక్షకుడు కిటికీలోంచి వాసన పీల్చి, తనకు ప్రశ్నలు లేవన్నాడు. ప్రథమ శ్రేణిలో మాస్టర్స్ ఇచ్చారు. దున్యా పూలగుత్తి ఇచ్చింది.

మాంసం కోసి వడ్డించేసరికి మేయర్ గారి ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, బాయిలర్ ఆగిపోయింది."

"ఎవరాపారు?"

"నువ్వే. నీ నిబంధన."

మేయర్ గారు చేతిలో ఎముకతోనే బయటికి వెళ్ళారు. ఆఖరి గొర్రెపిల్ల పెట్టె పక్కన ఇంకా తిరుగుతోంది. తెర మీద ఎనిమిది వందల పన్నెండు. అలా మూడు గంటలయింది. ఆ రోజు దేశం మొత్తంలో మా దేవదారు కొండదే మొదటి స్థానం.

"పెట్టె చెడిపోయింది," అన్నారు మేయర్ గారు.

"అది తప్పు చెప్పదని మూడో అధ్యాయంలో ఉందండీ," అన్నారు ప్రొఫెసర్ గారు, నోట్లోది మింగి. "ఇప్పుడే సంతకాలు పెట్టాం."

రాజధాని నుంచి విలేకరులు ఫోన్లు మొదలుపెట్టారు. ఊరి అంకె తగ్గాలి. మేయర్ గారు మాస్టర్స్ చదివిన మనిషి కాబట్టి కంగారుపడలేదు. ఈ క్షణాన ఊళ్ళో అన్నిటికన్నా శుభ్రమైన చోటేదని అడిగారు.

"పసిపిల్లల బడి పెరడండీ," అంది దున్యా. "బాయిలర్ ఆగింది కదా."

లారీ అప్పుడే కదిలింది. మర్నాడు బడి పెరట్లో అంకె తొమ్మిది. ఊరి జనం ఇళ్ళలో కోట్లు వేసుకుని కూర్చున్నారు, కానీ చాలా ఏళ్ళ తర్వాత ఎదుటి కొండను చూశారు. మేయర్ గారు ఆ తొమ్మిది పక్కన నిలబడి ఫోటో దిగారు. పెట్టె కాళ్ళకు సిమెంటు పోయించారు. ఇది శాస్త్రం నిర్ణయించిన చోటనీ, ఏడాదిపాటు ఇక్కణ్ణుంచి కదపరాదనీ పురపాలక సంఘం చేత తీర్మానం చేయించి, ఇత్తడి పలక మీద తన పేరుతో చెక్కించారు.

మర్నాడు బావమరిది బాయిలర్ వెలిగించాడు.

పిల్లలు పెట్టెకు టోపీ తొడిగారు. నేను అరవై రెండో కాగితం పెట్టాను. చట్టంలో ఒకే చోట, ఒకే చలికాలం అని ఉంది కానీ, వరసగా అని లేదు. అంకె మళ్ళీ నూట నలభైకి చేరాక మేయర్ గారు గావ్రాను గునపంతో పంపారు. కానీ పెట్టె కదపాలంటే తీర్మానం రద్దు కావాలి. తీర్మానం రద్దు కావాలంటే మేయర్ గారి థీసిస్ తప్పని సంఘం తేల్చాలి. అందుకు మాత్రం ఆయన ఒప్పుకోలేదు. డిగ్రీ పటాన్ని అప్పటికే గదిలో గోడకు తగిలించారు. గావ్రా గునపంతో పిల్లలకు పూలపాదు తవ్విపెట్టి వచ్చాడు.

ఏప్రిల్ పదిహేనున తొంభయ్యో కాగితం తూశాను. దున్యా అన్నిటినీ కవరులో పెట్టి, పది గంటల బస్సులో తనే రాజధానికి తీసుకెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే టౌన్ హాల్ మెట్ల మీద బ్యాండు మోగింది. మేయర్ గారు డాక్టరేటుకు చేరుతున్నారు. ఇన్నాళ్ళూ ప్రపంచం పెట్టెనే పట్టించుకుందనీ, త్రాసు గురించి ఎవరూ ఆలోచించలేదనీ ఆయన బాధపడ్డారు.

గంట తర్వాత గావ్రా టేపు పట్టుకుని నా గదికి వచ్చాడు. తలుపు వెడల్పు కొలిచాడు. త్రాసు ఎత్తు కొలిచాడు.

"మిలున్ బాబాయ్," అన్నాడు, "కొండ మీద తూస్తే బరువు తగ్గుతుందటగా?"

తగ్గుతుందని చెప్పాను. ఎంత ఎత్తుకు వెళ్తే అంత తగ్గుతుందని కూడా చెప్పాను.