డబులక్క కొలత

ఆ సోమవారం పొద్దున్న కూడా డబులక్క ప్లాను ఎప్పటిదే. ఇంట్లో వాళ్ళు లేవకముందే, ఫ్రిజ్‌లో పాత వెన్న డబ్బాలో దాచిన ఇంజెక్షన్ తీసి, బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, పొట్టలో పొడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ పెట్టడం. బరువు తగ్గడానికి డాక్టరు వారానికోసారని రాసిన మందు అది. ఆరు నెలలుగా ఈ ప్లాను ఒక్క వారం కూడా తప్పలేదు. తప్పిందల్లా మిగతా లోకమే.

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, ఇదివరకు చెప్పి అనుభవించింది కనుక. నడక మొదలుపెట్టిన రోజు భర్త గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాడు. రాత్రి భోజనం మానేస్తే ఆడపడుచు ఫోన్ చేసి మరీ ఎన్ని కిలోలు తగ్గావని ఆరా తీసింది. ఆ రెండూ మూన్నాళ్ళ ముచ్చటే అయ్యాయి గానీ నవ్వులు మాత్రం ఏళ్ళ తరబడి నడిచాయి. అందుకే ఈసారి వికారమూ నీరసమూ ఒక్కతే దిగమింగింది. కిలోల సంగతి అలా ఉంచితే, లేచింది మొదలు 'ఏం తిందాం, అయ్యో ఎందుకు తిన్నాను' అంటూ బుర్రలో సాగే రొద ఆగిపోయింది. నలభై రెండేళ్ళకి తన బుర్రలో తనకంటూ కాస్త చోటు దొరికింది. దాన్ని మళ్ళీ నలుగురి నోళ్ళలో పడేయడానికి ఆమెకు మనసొప్పలేదు.

అసలు చిక్కు షాపులో ఉంది. ఆమె యూనిఫారాలు కుట్టే చోట కాజాలు తీసి బొత్తాలు కుడుతుంది. అన్ని సైజులకూ అక్కడ కాగితం మీద కొలతలున్నాయి, అన్నిటికన్నా పెద్దదానికి తప్ప. పదకొండేళ్ళుగా డబుల్ ఎక్సెల్ అంటే ఆమే. కొత్త ఆర్డరు వచ్చినప్పుడల్లా కటింగ్ మాస్టారు ఆమెను దీపం కింద నిలబెట్టి, ఒంటి మీద గుడ్డ పరిచి, గుండుసూదులు గుచ్చి, ఆ లెక్కన కత్తిరించేవాడు. టేపు అబద్ధం చెప్పొచ్చు గానీ డబులక్క చెప్పదు అని ఆయన ధీమా. ఆ పేరు వినబడ్డప్పుడల్లా ఆమెకు చచ్చేంత సిగ్గు, పైకి మాత్రం నవ్వేది. తగ్గిన తర్వాత కూడా పాత వదులు బట్టలే వేసుకుని వచ్చేది కనుక ఎవరి కంటికీ తేడా తెలియలేదు. గుండుసూదులకు మాత్రం తెలిసింది.

మొదట వాచ్‌మన్ల చొక్కాలు బిగుతయ్యాయి. వాళ్ళు తామే లావెక్కామనుకుని, పాపం, నోరెత్తలేదు. తర్వాత ఆసుపత్రి వంటవాళ్ళవి బిగుతయ్యాయి. గుడ్డ ముడుచుకుపోతోందని ఓనరు గుడ్డల వ్యాపారితో తగువేసుకుని, నాలుగు రోజులు బకెట్లో ఓ ముక్క నానబెట్టి దాని పక్కనే కాపలా కూర్చున్నాడు. అది వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. ఆ పైన బస్సు డ్రైవర్ల వంతు. ఒకాయన మలుపులో స్టీరింగ్ తిప్పగానే మూడు బొత్తాలు ఎగిరి పక్క సీటు ముసలాయన ఒళ్ళో పడ్డాయి. నలభై చొక్కాలూ మూట కట్టి వెనక్కి వచ్చాయి.

గుడ్డది కాకపోతే తప్పు మాస్టారి కళ్ళదేనని ఓనరు తేల్చేశాడు. అరవై రెండేళ్ళ మాస్టారు కళ్ళద్దాలు మార్పించుకున్నాడు, కొత్త టేపు కొన్నాడు, మళ్ళీ ఆమె మీదే గుడ్డ పెట్టి ఎంతో జాగ్రత్తగా కత్తిరించాడు. ఆ చొక్కా ఇంకాస్త బిగుతుగా వచ్చింది.

ఆ సోమవారం ఆమె వెళ్ళేసరికి బయట ముసురు, లోపల అందరూ తలలు దించుకుని ఉన్నారు. రేపటినుంచి రావద్దని మాస్టారికి ఓనరు చెప్పేశాడట. మాస్టారు కొత్త టేపు చుట్టి జేబులో పెట్టుకుంటున్నాడు. తన గుట్టు దాచుకుంటే ఆయన నోటి దగ్గర కూడు పోతుంది. ఆమె నేరుగా ఆయన బల్ల దగ్గరకు వెళ్ళింది.

"మీ కళ్ళకేం కాలేదు మాస్టారూ. నేనే పద్నాలుగు కిలోలు తగ్గాను. మందు వాడుతున్నాను."

మాస్టారు ఆమెను నిజంగా చూడటం అదే మొదలు. "ఒక్క మాట చెప్పి ఉండకూడదామ్మా" అన్నాడు. "గుడ్డివాణ్ణైపోయానని ఎన్ని రోజులు ఏడ్చానో." ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది.

ఓనరు మాత్రం హమ్మయ్య అనుకున్నాడు. "దానికేముంది, ఆ మందు ఆపెయ్. నెల రోజులు బాగా తిను. మళ్ళీ మామూలైపోతావు."

"ఆపనండి" అంది ఆమె కళ్ళు తుడుచుకుని. "ఈ ఒళ్ళు నాది, షాపుది కాదు. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి, కావలిస్తే కొలతలకు ఓ బొమ్మను కొనుక్కోండి."

తన గొంతు అంత పైకి లేస్తుందని ఆమెకే తెలియదు. ఇన్నాళ్ళూ తను చెయ్యి చాపి నిలబడబట్టే వాళ్ళు కొలిచారన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఓనరు అటూ ఇటూ చూశాడు. కాజాలు తీసే మనిషి మరొకరు లేరు.

వారం తిరక్కుండా చెక్క బొమ్మ దిగింది. మాస్టారి ఉద్యోగం నిలిచింది. ఓ రోజు ఆయన ఆమె వేలాడే బట్టలు చూసి, సరిచేసి పెడదామని టేపు తీసి, "కొలవనామ్మా?" అని అడిగాడు. పదకొండేళ్ళలో అడగడం అదే మొదలు.

"వద్దు మాస్టారూ" అంది. అంతటి సుఖమైన మాట ఆమె ఎన్నడూ అనలేదు.

బొమ్మకు అందరూ కలిసి డబులక్క అని పేరు పెట్టేశారు కనుక, ఇక ఈమెను ఏమని పిలవాలో తోచక, అసలు పేరేమిటని అడిగారు.