చూపుతోనే గుర్తుపట్టాలి

ప్రజారోగ్యానికి పునాది డాక్టర్లు, మందులు, మంచాలు అని కొందరు అపోహ పడుతుంటారు. కాదు. చెప్పులు. (డాక్టరు వచ్చినా రాకపోయినా చెప్పులు పొద్దున్నే వచ్చేస్తాయి.)

అడవి అంచున ఉన్న ఆ సర్కారు దవాఖానాలో మనుషులు క్యూలో నిలబడే మొరటు పద్ధతి ఎప్పుడో పోయింది. చెప్పులు వరుసలో పెట్టి మనిషి నీడన కూర్చుంటాడు. ఇంత మంచి పద్ధతి జనమే కనిపెట్టేసరికి ఊరుకోలేక, ప్రభుత్వం ఎబినేజర్ అనే ఆయన్ను వరుసల పర్యవేక్షకుడిగా వేసింది. డాక్టర్ల పోస్టులు ఖాళీగా ఉన్నాయి గాని ఈ పోస్టు ఒక్కనాడూ ఖాళీగా లేదు.

పినపాక నుంచి జోజమ్మ మొదటి బస్సుకే వచ్చి, తన నీలం హవాయి చెప్పులు కంటి ఆపరేషన్ వరుసలో పెట్టింది. ఒక కంటిని శుక్లం కమ్మేసింది, రెండోది మసక. మిరప కల్లంలో ఎర్రకాయల్లోంచి పనికిరాని తాలుకాయలు ఏరడం ఆమె పని. పోయిన సీజనులో రెండూ కలిపేసిందని కూలీల మేస్త్రి చిన్నక్క మొహం మీదే చెప్పింది: "కన్ను బాగు చేయించుకొని రా వదినా. లేకుంటే ఈసారి పిలువ." పిలవకపోతే జోజమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ భయమే ఆమెను బస్సెక్కించింది.

సరిగ్గా ఆరోజే డాక్టర్లు సమ్మెకు దిగారు. కంటి డాక్టర్ అక్సా గేటు దగ్గర షామియానా కింద కూర్చుని ఉంది.

"డాక్టరమ్మా, నా కన్ను..."

"నన్నేం చేయమంటరమ్మా? దసరా నుంచి జీతం రాలే. కిరాయి కట్టకుంటే సామాను బయట పెడ్తనంటుండు ఇంటాయన. మీ కంట్ల వేసే లెన్సులు గూడ రాలే. పాత బిల్లులు కట్టలేదంట."

"మరి మీ జీతం ఎవలిస్తరు బిడ్డా?"

అక్సా వరండా వైపు చూపించింది. జీతాల కిటికీ ముందు డాక్టర్ల చెప్పులు వరుసగా ఉన్నాయి. (ఆ కిటికీలో ఉండాల్సిన గుమాస్తా నిధుల కోసం ఖమ్మంలో తన చెప్పులు పెట్టడానికి పోయాడు. ఖమ్మం ఆఫీసరు హైదరాబాద్ పోయాడు. ఎందుకో చెప్పక్కర్లేదు.)

వరుసలు రెండూ ఇలా కదలక మెదలక వర్ధిల్లుతుండగా, తనిఖీకి పెద్దసార్లు వస్తున్నారని కబురొచ్చింది. స్వీపర్ జంపయ్య చెప్పులన్నీ ఎత్తి మూలన కుప్ప పోసి వరండా కడిగాడు. కడిగాక చేతికందినవి అందినట్టు మళ్లీ పేర్చాడు. కల్లంలో తాలూ ఎర్రా కలిసినట్టు రెండు వరుసలూ కలిసిపోయాయి.

ఎబినేజర్ తొణకలేదు. నేల మీద ఒక గీత గీసి, అక్కడికక్కడే నిబంధన పుట్టించాడు: ఎవరి చెప్పులు వారు గీత అవతల నిలబడి చూపుతోనే గుర్తుపట్టాలి, తాకకూడదు, ఒకసారి చూపించాక మార్పు లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

"దగ్గరికొచ్చి తడిమి చూస్త సారూ. నాకు మసక," అంది జోజమ్మ.

"తడిమితే ఎవరైనా చెప్తరు. కనబడకుంటే అవి నీయేనని నమ్మేదెట్ల?"

"కనబడకనే గద సారూ దవాఖానకొచ్చిన!"

"అది డాక్టర్ చూసుకుంటది. నేను చెప్పులే చూస్త."

జోజమ్మ కళ్లు చికిలించి, నీలంగా తోచిన ఒక జత వైపు వేలు చూపించింది. అవి అక్సావి. జీతాల వరుసకు చెందినవి.

అక్సా పరుగెత్తుకొచ్చింది. "సార్, అవి నా చెప్పులు! ఆమె నా పేషెంటు!"

"సమ్మెల ఉన్నోళ్లకు పేషెంట్లుండరు మేడం," అన్నాడు ఎబినేజర్ వినయంగా. తర్వాత జోజమ్మకు రెండు చేతులూ జోడించాడు. "డాక్టరమ్మా, మీ జీతం ఇంక రాలే. జర షామియానా కింద కూసోండి."

జోజమ్మ ఉత్త కాళ్లతో పోయి కూర్చుంది. పక్కనే అక్సాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. జోజమ్మకు ఏడుపొక్కటే వచ్చింది.

మిరప కోతలు మొదలయ్యాయి. చిన్నక్క కూలీల ఆటో జోజమ్మ ఇంటి ముందు ఆగకుండానే పోయింది.

తనిఖీకి వచ్చిన పెద్దసార్లు మాత్రం దవాఖానాను మెచ్చుకుని వెళ్లారు. కంటి విభాగంలో ఒక రోగి తగ్గింది, ఒక డాక్టరు పెరిగింది, రెండింటికీ సర్కారుకు పైసా ఖర్చు కాలేదు.