కళ్ళజోళ్ళాయన ఇల్లు కొన్న తీరు

కళ్ళజోళ్ళ షాపాయన ఆదివారం ఏదో ఉచిత క్లాసుకెళ్ళి వచ్చాడు. వస్తూనే, చెప్పులైనా విప్పకుండా ప్రకటించాడు.

"ఈ ఇల్లు మనమే కొంటున్నాం!"

ముందుగదిలో కుట్టుమిషన్ దగ్గరున్న భార్య తలెత్తలేదు. "దేంతో?"

"ఇతరుల డబ్బుతో! బ్యాంకు అప్పిస్తుంది. పైవాటా అద్దెకిస్తాం. ఆ అద్దే వాయిదాలు కట్టేస్తుంది. మనం కాలుమీద కాలేసుకుని కూచోడమే."

"మరి ముందు మన చేతి నుంచి పెట్టాల్సింది?"

"దానికింకో అప్పు."

"ఆ అప్పు తీరేదెలా?"

ఆయన క్లాసులో ఇచ్చిన కాగితం తిరగేశాడు. వెనక ఖాళీ. "అది వచ్చే ఆదివారం చెప్తారట."

నవ్వులాటగా ఉంది గానీ, ఇంట్లో గుబులు నిజమైనదే. వీళ్ళు అద్దెకుంటున్న ఈ ఇంటిని యజమాని పెద్దావిడ అమ్మకానికి పెట్టింది. ఎవరో కొంటే వీళ్ళు ఖాళీ చెయ్యాలి. వీధి వీధంతా ఆ ముందుగదికొచ్చే బట్టలు కుట్టించుకుంటుంది. ఆ గదంటే భార్యకి ప్రాణం. అది తెలుసు కాబట్టే ఆయనకీ తిప్పలు.

ధర దిగితే తప్ప బ్యాంకు అప్పు చాలదు. చూడవచ్చేవాళ్ళు బెదిరిపోతే ధర దానంతటదే దిగుతుందని ఆయనకు తట్టింది. భార్య బజారుకెళ్ళిన పూట నిచ్చెనెక్కి, టీ డికాషన్‌లో గుడ్డ ముంచి, పడగ్గది కప్పు నిండా మరకలు పూశాడు.

మొదట కొత్త దంపతులొచ్చారు. "వానాకాలం నీళ్ళు పైవాటా కూడా దాటి ఇక్కడికి కారతాయి, మేం గొడుగేసుకునే పడుకుంటాం" అన్నాడు దిగులుగా. వాళ్ళు చెప్పులు వెతుక్కున్నారు.

తర్వాత ఒక రిటైరైన మాస్టారు. "చీకటి పడితే గోడలు మూలుగుతాయండీ." మాస్టారు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఆపైన కొలతల టేపుతో ఒకాయన దిగాడు. అప్పటికి మనవాడికి బాగా చెయ్యి తిరిగింది.

"కొలవకండి. ఇల్లు ఏటేటా కుంగుతోంది, కొలత నిలవదు."

"పునాది ఎలా ఉంది?"

"ఉందనే అంటారు. మేమెవరం చూళ్ళేదు."

వచ్చినాయన అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. "చాలా సంతోషం. మీ అప్పు దరఖాస్తు వచ్చిందని, ఇంటి విలువ కట్టి రమ్మని బ్యాంకువాళ్ళు పంపారు నన్ను." నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బ్యాంకు నుంచి ఫోన్. అప్పు ఇవ్వబోమన్నారు. పైగా, కాస్త జాగ్రత్తగా పడుకోమన్నారు.

ఆయన మొహం వేలాడేసుకుని ముందుగదిలోకొచ్చాడు. "నా తెలివి తగలెయ్య! నీ గది నేనే పోగొట్టానే." ఈసారి దిగులు నటన కాదు.

భార్య మిషన్ ఆపింది. "ఎక్కడికీ పోలేదు. ఇల్లు నిన్ననే కొన్నాను."

"నువ్వా? ఏ బ్యాంకు?"

"బ్యాంకెందుకు? పెద్దావిడకి కావాల్సింది నెలనెలా చేతిలో కాస్త డబ్బు. కుట్టు డబ్బులు కొంత ముందిచ్చాను. మిగతాది నెలకింతని ఆవిడకే కడతాను. పైవాటాలోకి మన వీధి నర్సమ్మ వాళ్ళు అద్దెకి దిగుతున్నారు."

"ధర తగ్గించిందా?" ఆశగా అడిగాడు.

"తగ్గిస్తానంది. నేనే వద్దన్నాను. కప్పు ఎందుకు కారిందా అని నిచ్చెనెక్కి చూస్తే టీ వాసనొచ్చింది. ఆవిణ్ణి ముంచితే మనకి నిద్ర పడుతుందా?"

ఆయనకు తలెత్తబుద్ధి కాలేదు. చాలాసేపు లెక్కలేసుకున్నాడు. ఎటు తిప్పినా ఏదో తగ్గుతోంది.

"పైవాటా అద్దె, నీ కుట్టు డబ్బులు కలిపినా వాయిదాకి చాలవు కదే?"

"చాలవు. కింది వాటా అద్దె కూడా రావాలి. ఒకటో తారీఖుకల్లా నా చేతిలో పెట్టండి."

"నేనా? నీకు అద్దె కట్టాలా? ఇంతకీ నేను ఇంటాయన్నా, అద్దెకున్నవాణ్ణా?"

"ఇతరుల డబ్బుతో కొనాలని మీరేగా నేర్పారు!" అంటూ భార్య తడిగుడ్డ చేతికిచ్చి, పడగ్గది వైపు చూపించింది. "నాకు మీకంటే ఇతరులెవరున్నారండీ?"