మల్లన్న షాపుకు యూనివర్సిటీ ముద్ర

ఆ ఉదయం శివకుమార్ రెండే పనులు పెట్టుకున్నాడు. ఆరేళ్ళు రాసిన థీసిస్ నాలుగు కాపీలనూ తార్నాకలో మల్లన్న మామ బైండింగ్ షాపులో ఇవ్వడం, మామకు వెబ్‌సైటు పెట్టడం. థీసిస్ డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం ఐదులోగా యూనివర్సిటీ ఆఫీసుకు చేరితే లెక్చరర్ ఉద్యోగం అతనిది. లేకపోతే ఇంకొకరిది. ఇంకా వారం ఉంది.

"డొమైనో, హోస్టింగో ఏదో కట్టాల్నంట గదా. ఎంతయితదో తీస్కో అల్లుడా," అని మామ గల్లాపెట్టె తెరిచాడు.

"దండుగ మామా. మా డిపార్ట్‌మెంట్ సర్వర్ల జాగా ఖాళీగనే ఉన్నది. గాడ పెడ్తా. ఎవరడుగుతరు?"

అడిగేవాళ్ళు లేని జాగా కనబడితే మనవాళ్ళకు చేతులూరుకోవు. శివకుమార్ డిపార్ట్‌మెంట్ పేజీకే నకలు తీసి, హెడ్ ఫొటో ఉన్నచోట మామ ఫొటో, దాని కింద ఫోన్ నంబరు పెట్టాడు. పైనున్న యూనివర్సిటీ ముద్రను తీసేస్తే పేజీ బోసిపోయింది. మళ్ళీ పెట్టేశాడు.

ముద్ర చూసిన స్కాలర్లు, బైండింగ్ మల్లన్న దగ్గరే చేయించాలని ఏదో కొత్త రూలు వచ్చిందనుకున్నారు. ఆ మాట రెండు రోజుల్లో హాస్టళ్ళన్నీ చుట్టి ఆఫీసుకు చేరింది. మూడో రోజు క్లర్కు సుజాత, సీతాఫల్‌మండిలో బైండింగ్ చేయించుకొచ్చిన ఒకమ్మాయి థీసిస్‌ను వెనక్కి నెట్టింది.

"మల్లన్న తాన చేపిచ్చుకోని రా అమ్మా. ముద్రేసి మరీ పెట్టిన్రు, సూడలే?"

మామ షాపు ముందు జనం మెట్రో పిల్లర్ దాకా నిలబడ్డారు. శివకుమార్ వెళ్ళి చూస్తే తన కాపీలు దొంతరలో అట్టడుగున ఉన్నాయి.

"నీవి ఇంటియి గదరా, యాడికి పోతయి? ముందుగాల బయటోళ్ళవి కానీ," అన్నాడు మామ.

సొంతవాళ్ళ పని ఆఖరున చేయడమే మామ లెక్కలో ఆప్యాయత. శివకుమార్‌కూ అది ఆప్యాయతగానే తోచి, చాయ్ తాగి వచ్చేశాడు.

మర్నాడు గైడ్ శశిభూషణ్ గారు కేకేశారు. "ఎవడో మన సర్వర్లో దుకాణం తెరిచాడయ్యా! పైనుంచి నాకు అక్షింతలు పడుతున్నాయి. నీకు కంప్యూటర్లు తెలుసుగా, వాడెవడో నువ్వే పట్టుకో."

"తప్పకుండా సార్," అన్నాడు శివకుమార్. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ థీసిస్‌తో పెట్టాల్సిన కాగితాల్లో ఒకదాని మీద సార్ సంతకం ఇంకా కావాలి. మింగేశాడు.

"వాడు దొరికేదాకా పేజీ సాక్ష్యంగా ఉండనీ. ముందు దాని మీద ఒక నోటీసు పెట్టు," అన్నారు సార్. ఆయన చెబుతుంటే, 'ఈ షాపుకూ యూనివర్సిటీకీ సంబంధం లేదు. యజమానిపై పోలీసు చర్య తీసుకోబడును' అని మామ ఫొటో కింద తన చేత్తోనే టైపు కొట్టాడు శివకుమార్. సాయంత్రం వెళ్ళి మామకు చెబుదామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక ఆ సాయంత్రం వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు.

ముప్పై ఒకటి మధ్యాహ్నం తార్నాకకు పరుగెత్తితే షట్టర్ దించి ఉంది. ఫోన్ స్విచాఫ్.

"పోలీసులొస్తరని ఎవరో సదివి చెప్పిన్రు," అన్నాడు పక్క జిరాక్స్ షాపు గట్టయ్య. "పొద్దుగాలనే బస్సెక్కిండు. ఏ ఊరికో నాగ్గూడ చెప్పలే."

మళ్ళీ ప్రింటు తీద్దామంటే హెడ్ సంతకం చేసిన పేజీలు షట్టర్ లోపలున్నాయి. హెడ్ సెలవు మీద కాకినాడలో ఉన్నారు. ఐదైంది. శివకుమార్ షాపు మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఉద్యోగం పోయినందుకు ఏడుపొచ్చింది. డిగ్రీలో తన మెస్ బిల్లులు కట్టిన మనిషిని దొంగలా పారిపోయేలా చేశానని గుర్తొచ్చినప్పుడు, అప్పటిదాకా ఏడ్చింది ఏడుపే కాదనిపించింది. ఒక్క ఫోన్ చేసి 'భయపడకు మామా, అది నేనే రాసిన' అని ఉంటే ఎంత బాగుండేది!

జనవరి మూడున మామ తిరిగొచ్చాడు.

"ఎవడో దుష్మన్‌గాడు రాసిండు అల్లుడా."

"నేనే మామా," అన్నాడు శివకుమార్ తల వంచుకుని.

మామ లోపలికి వెళ్ళి నాలుగు కాపీలూ తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు. "పోయేముంగట నీ పని ఒక్కటి చేసి, బల్ల మీద పెట్టే పోయిన," అన్నాడు మెల్లగా.

అట్టల మీద బంగారు అక్షరాల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మూడు రోజుల కింద మారిపోయిన సంవత్సరం తప్ప.