నవీన స్తంభం ఎక్కిన పొద్దు

పది గంటలలోపు పని ముగించి, ఏమీ ఎరగనట్టు ఆఫీసు కుర్చీలో కూర్చోవాలన్నది ఆ ఉదయం నవీన వేసుకున్న పథకం. చొప్పదండి దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌లో ఆమె జూనియర్ లైన్‌మన్. స్తంభం ఎక్కే పరీక్షలో పాసయ్యే ఆ ఉద్యోగం తెచ్చుకుంది. చేరి మూడు నెలలైనా ఏఈ కరుణాకర్ ఆమెను కంప్యూటర్ ముందు నుంచి లేవనివ్వలేదు. "స్తంభాలెక్కుడు ఆడపిల్లలతోని కాదమ్మా. నీడపట్టున కూసోని బిల్లులు చూసుకో" అనేవాడు.

ఆ రోజు పొలాల దగ్గర స్తంభం మీద రెండు తీగలను కలిపే జంపర్ తెగి, మోటార్లు ఆగిపోయాయి. వెళ్లాల్సిన లైన్‌మన్ మల్లేష్, దుబాయి నుంచి దిగుతున్న బావమరిది కోసం ఎయిర్‌పోర్టుకు బయలుదేరాడు. "నేను పోత అన్నా. సారుకు చెప్పకు" అని నవీన పనిముట్ల సంచీ అందుకుంది.

సబ్‌స్టేషన్‌ ఆపరేటర్ రాజంతో ఆ లైను బంద్ చేయించి, ఫోను స్కూటర్ డిక్కీలో పెట్టి, హెల్మెట్, బెల్టు తగిలించుకుని ఎక్కింది. పైన గాలి జోరుగా ఉంది. తన ఉద్యోగం ఎలా ఉంటుందో ఆమె మొదటిసారి చూసింది. నచ్చింది.

నాట్లకు పోతున్న యాదవ్వ తలెత్తి చూసి ఆగిపోయింది. డెబ్బై ఏళ్లలో ఆడపిల్ల స్తంభం ఎక్కగా ఆమె చూడలేదు. అడిగింది ఇవ్వకపోతే దూకుతామని సెల్ టవర్లు ఎక్కేవాళ్లను మాత్రం టీవీలో చూసింది.

"ఓ బిడ్డా! ఏమైందే?"

"జంపర్ తెగిందవ్వా! కలిపి దిగుత!"

గాలికి సగమే వినిపించింది. యాదవ్వ ఊరివైపు తిరిగి కేకేసింది. "సంబంధం తెగిందంట! కలిపితెనే దిగుతదంట!"

పావుగంటలో సగం ఊరు అక్కడుంది. ఎవరో స్తంభం చుట్టూ గడ్డిమోపులు పరిచారు. సర్పంచ్ అంబదాస్ మైకు పట్టుకొచ్చాడు. "ఆ పిలగాడెవ్వడో చెప్పు బిడ్డా! మేం మాట్లాడుతం!"

"జర ఆగుండ్రి! ముందు పని కావాలె!" అని అరిచింది నవీన.

"ఓ... నౌకరి కావాల్నా!" అని అంబదాస్ వెంటనే ఏఈకి ఫోన్ చేశాడు. "సార్, మీ స్తంభం మీద ఒక పిల్ల కూసున్నది. నౌకరి ఇస్తెనే దిగుతదంట!"

కరుణాకర్ మల్లేష్‌కు చేశాడు, స్విచాఫ్. నవీనకు చేశాడు, ఎత్తలేదు. "పనిబడ్డప్పుడు ఒక్కలుండరు" అనుకుంటూ తానే బండి తీశాడు. స్తంభం కిందికొచ్చి తలెత్తితే కళ్లలో ఎండ, పైన ఒక హెల్మెట్. అది తన ఆఫీసు హెల్మెటని ఆయనకు తోచనే లేదు.

"తొందరపడకమ్మా! నీకేం కావాల్నో చెప్పు, రాసిస్త!"

సారు గొంతును నవీన గుర్తుపట్టింది. ఇక కంప్యూటరే గతి అనుకుంది. అంతలో 'రాసిస్త' అన్న మాట చెవిలో నిలిచింది.

"లైన్ మీద పని ఇయ్యాలె! ఆఫీసుల కూసోబెట్టద్దు!"

"గంతేనా!" కరుణాకర్ బండి ట్యాంకు మీద కాగితం పెట్టి రాశాడు, సంతకం చేశాడు. సాక్షిగా అంబదాస్ కూడా చేశాడు. "పేరు చెప్పమ్మా, రాస్త!"

"నవీన, సార్. మన ఆఫీసే."

పెన్ను ఆగింది.

నవీన చివరి బోల్టు బిగించి, దిగి గడ్డిలో కాలుపెట్టింది. డిక్కీలోంచి ఫోన్ తీసి రాజంతో మాట్లాడింది. నిమిషంలో పొలాల్లో మోటార్లు మొదలయ్యాయి. కరుణాకర్ తీగను చూశాడు, కాగితాన్ని చూశాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు.

"బోల్టులు గట్టిగ పెట్టినవా?"

"ఎక్కి చూడుండ్రి సార్."

ఆయన పైకోసారి చూసి, పేరు నింపి, కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

పెండ్లీ లేదు, దూకుడూ లేదని జనం ఉసూరుమంటూ కదిలారు. యాదవ్వ మాత్రం నవీన చెయ్యి పట్టుకుంది. "మా మనుమరాలు సుత ఐటీఐ చదివింది బిడ్డా. దానికి సుత ఏదన్న మంచి స్తంభం చూడరాదు."