అడ్డమొచ్చిన స్తంభం

మద్దిచెట్లూ వెదురుపొదలూ కమ్ముకున్న ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ ముచ్చటపడి సభాభవనం కట్టించుకున్నాయి. కింద సమావేశాల హాలు. పైన గోదాము. అందులో వానాకాలానికి దాచిన ఇప్పపువ్వు, జొన్నబస్తాలు. కట్టిన ఇంజనీరు ఎలుగుబంటి జాంబయ్య. పని గట్టిది, నోరే మెత్తన.

కొత్తగా గెలిచిన అధ్యక్షుడు నెమలి నీలకంఠరావు. మొదటి సమావేశంలోనే వేదికెక్కి పింఛం విప్పాడు. చప్పట్లు సగం హాల్లోంచే వచ్చాయి. మిగతా సగానికి నడుమనున్న స్తంభం అడ్డం.

వెంటనే జాంబయ్యకి కబురెళ్ళింది.

"ఏమయ్యా, ఈ దుంగ ఇక్కడెందుకు?"

"పైన గోదాముంది కదండీ. ఆ బరువు పలకల మీద పడుతుంది. పలకలు దూలం మీద వేస్తాయి, దూలం స్తంభం మీద, స్తంభం పునాది మీద. నేల దొరికేదాకా బరువు దిగుతూనే ఉంటుందండీ. నడుమ దారి తెగ్గొడితే..."

"తెగ్గొట్టమన్నామా? మళ్ళించమంటున్నాం," అన్నాడు కార్యదర్శి నక్క కుశలప్ప. "చుట్టూ గోడలు ఊరికే నిలబడి ఉన్నాయిగా. వాటికి అదనపు బాధ్యతలు అప్పగిస్తే సరి."

"అంత పొడుగున దూలం వంగిపోతుందండీ."

"వంగుతుందో లేదో ఓటింగు పెడదాం."

అందరూ తోకలెత్తారు. వంగదని తేలిపోయింది.

ఇక తీర్మానం మీద ఇంజనీరు పంజా ముద్ర పడాలి. వెయ్యనంటే తేనెపట్లున్న సర్కారు గుహ ఖాళీ చెయ్యాలి. జాంబయ్యకి పెళ్ళాం, పిల్లలు కళ్ళముందు మెదిలారు. ముద్ర వేశాడు. ఆ పూట తేనె కూడా సయించలేదు.

స్తంభం తీసేశాక అభినందన సభ పెట్టారు. హాలు కిక్కిరిసింది. అందరి చూపూ పింఛం మీద ఉంటే జాంబయ్య చూపు మాత్రం దూలం మీదే ఉంది. దానికి అప్పుడే చిన్న బొజ్జ వచ్చింది. కిర్రుమని చప్పుడైంది. పైనుంచి నాలుగు జొన్నగింజలు కుందేలు నెత్తిన రాలాయి. అక్షింతలనుకుని అది భక్తిగా తల వంచింది.

జాంబయ్య ఒక్క ఉరుకున వెళ్ళి, అక్కడే మిగిలిన పునాదిరాయి ఎక్కి, దూలానికి భుజం ఆనించాడు.

"బయటికి నడవండి! దూలం విరుగుతోంది!"

"జాంబయ్యా, అడ్డం తప్పుకో! వెనకవాళ్ళకి పింఛం కనబడట్లేదు!" అని కసిరాడు అధ్యక్షుడు.

ఫెళ్ళుమంది. అందరికంటే ముందు కిటికీలోంచి ఎగిరిపోయింది ఆ పింఛమే. మిగిలినవాళ్ళు గుమ్మం మీద పడ్డారు.

గోదాము బరువంతా జాంబయ్య భుజాల్లోకి దిగింది. అక్కణ్ణుంచి నడుముకి, మోకాళ్ళకి, మడమలకి. అన్నాళ్ళూ నోటితో చెప్పిన సంగతి ఇప్పుడు ఎముకలకి తెలిసొచ్చింది. ముద్ర వేసిన పంజాతోనే దూలాన్ని ఎత్తిపట్టాడు.

"త్వరగా రావమ్మా, తాబేలమ్మా!"

"వస్తున్నా నాయనా, ఇదే నా పరుగు!"

ఆవిడ గడప దాటేలోపు ఏనుగు గజలక్ష్మి దుంగ తెచ్చి దూలం కింద ఊతంగా నిలబెట్టింది. తాబేలమ్మ బయటపడ్డాక జాంబయ్యా బయటికి దూకాడు. ఆ దుంగా జారింది. భవనం కూలి, అడవంతా ఇప్పపువ్వు ఎగిరింది.

మర్నాడు ఆరుబయటే సభ. జాంబయ్య భుజాలకి పసరుకట్లు. నీలకంఠరావు పింఛం దులుపుకుని గొంతు సవరించుకున్నాడు.

"పాత కట్టడంలో లోపాలు బయటపడ్డాయి. ఈసారి ఒక్క స్తంభమూ లేని భవనం కావాలి. ఏమంటావ్ ఇంజనీరూ?"

కుశలప్ప కొత్త తీర్మానం ముందుకు తోశాడు. జాంబయ్య పంజా వెనక్కి లాక్కున్నాడు.

"గుహ ఈ పూటే ఖాళీ చేస్తానండీ. భవనం మాత్రం తమరు రెక్కలు కత్తిరించుకుని లోపల కూర్చుంటానంటేనే కడతాను."

నీలకంఠరావు రెక్కలు దగ్గరికి ముడుచుకున్నాడు. ఆ అంశాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

నీతి: స్తంభం అడ్డమనిపిస్తే తప్పక తీయించండి, కాకపోతే ముందు ఎగరడం నేర్చుకోండి.