కొలతల పుస్తకం కనబడుట లేదు

పోయిన వస్తువు వెతకగానే దొరకడం అంత అనాగరికం ఇంకోటి లేదు!

కోప్పడకండి, కాస్త ఆలోచించండి. పూర్వం బస్సులో గొడుగు మర్చిపోయినవాడు ఏం చేసేవాడు? డిపో వెనక ఉన్న పోయిన వస్తువుల గదికి వెళ్ళేవాడు. “నల్ల గొడుగమ్మా, పిడి విరిగింది” అనేవాడు. అక్కడి గుమాస్తా లోపలికెళ్ళి తెచ్చి చేతిలో పెట్టేది. అయిదు నిమిషాలు! ఇందులో విజ్ఞానం ఏముంది? అభివృద్ధి ఎక్కడుంది? కనీసం ఒక పాస్‌వర్డైనా ఉందా?

అందుకే ఆ గదిలో ఉన్న సరుకు వివరాలన్నీ వెబ్‌సైటుకి ఎక్కించారు. అదీ ఎక్స్ఎంఎల్‌లో!

పేరు చూసి కంగారు పడకండి. డేటాబేస్ అంటే ఒక బీరువా అనుకోండి. అందులోంచి తీసిన ప్రతి ముక్కకీ ముందొక చీటీ, వెనకొక చీటీ అంటిస్తే అది ఎక్స్ఎంఎల్. ఇది రంగు, ఇది సైజు, ఇది దొరికిన బస్సు, ఇలాగన్నమాట. చీటీలతో సహా జనం ముందు పరిస్తే బాగుండదు కాబట్టి, స్టైల్‌షీట్ అని ఒకటి రాస్తారు. ఏ ముక్క చూపించాలి, ఏది దాచాలి, ఏ రంగులో, ఎంత లావు అక్షరాల్లో, అంతా దాని ఇష్టం. సరుకు ఒకటే, షీటు మారిస్తే వేషం మారుతుంది. విషయం వేరు, రూపం వేరు! ఈ సంగతి బోధపడక ఎంతమంది వేదాంతులు గడ్డాలు పెంచుకున్నారో!

దీనివల్ల మా మామయ్యకి జరిగిన మేలు చెబుతాను, వినండి.

మామయ్య దర్జీ. ఆయన దుకాణంలో ఒక కుట్టుమిషను, ఒక అద్దం, బొత్తాలు కుట్టే అత్తయ్య, నీలం అట్ట వేసిన కొలతల పుస్తకం ఉంటాయి. ఆ పుస్తకం వయసు ఇరవై రెండేళ్ళు. రెడీమేడ్ బట్టలు పట్టనివాళ్ళంతా అందులో ఉన్నారు. చెయ్యి విరిగి అతికాక ఒక భుజం కిందికి దిగిన హెడ్మాస్టరమ్మ ఉంది. ఒక కాలు పొట్టి అయిన డ్రైవరు ఉన్నాడు. గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు.

ఈ గడియారాలాయనకి వీపు వంగి ఉంటుంది. పన్నెండేళ్ళ కిందట మొదటిసారి వచ్చి, తెర వెనక టేపు ముందు నిలబడి చెమటలు కక్కేశాడు. కళ్ళు నేల మీద నుంచి ఎత్తలేదు. మామయ్య గబగబా కొలిచి, తనకి మాత్రమే అర్థమయ్యే గుర్తుల్లో రాసుకుని, “ఇంక మీకు నేను టేపు పెట్టనండీ. బట్ట పంపిస్తే చాలు” అని మాటిచ్చాడు. ఆ తర్వాత ఆయన తన కొత్త చొక్కా తొడుక్కుని దుకాణం ముందు నుంచి వెళుతుంటే, మామయ్య ఓరకంట చూసి పుస్తకంలో పెన్సిలుతో సరిదిద్దుకునేవాడు. మాట తప్పలేదు.

అలాంటి పుస్తకాన్ని మామయ్య ఒకనాడు బస్సు సీటు మీద వదిలేసి, పక్కనున్న బట్టల మూట మాత్రం పట్టుకుని దిగిపోయాడు.

అదృష్టం చూడండి! వెబ్‌సైటు మొదలైన నెలలోనే పోయింది. పాతకాలంలో పోయి ఉంటే ఆ పూటే దొరికేసేది!

మామయ్య ఫోను తెరిచి “పుస్తకం” అని కొట్టాడు. ఒక బొమ్మ గొడుగు మూడుసార్లు గిరగిర తిరిగింది. “మీరు వెతికిన వస్తువు మా వద్ద లేదు. ధన్యవాదములు” అని వచ్చింది. లేదని చెప్పి ధన్యవాదాలు కూడా చెప్పే మర్యాద మనుషుల్లో ఎక్కడైనా చూశారా?

మామయ్యకి ఆ మర్యాద ఆనలేదు. తిన్నగా డిపోకే వెళ్ళాడు. కిటికీ అవతల గుమాస్తా కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. ఆమెను బస్సులవాళ్ళందరూ గొడుగులమ్మ అంటారు. ఆమె వెనక మూడో అరలో ఒక ట్రంపెట్, ఒక పళ్ళసెట్టు, ఒక చంకకర్ర ఉన్నాయి. (చంకకర్ర మర్చిపోయి బస్సు దిగినవాడెవడో! మన బస్సులు రోగాలు కూడా నయం చేస్తున్నాయి.) వాటి పక్కనే నీలం అట్ట.

“అమ్మా, అదిగో, ఆ పుస్తకం నాదే!”

“తెలుసు మాస్టారూ. నేనే ఎక్కించాను. నీలం అట్ట, చేతిరాత, కొలతలు, లోపల సుద్దముక్క, అన్నీ రాశాను.”

“బతికించావు. ఇలా ఇచ్చెయ్యమ్మా.”

“నంబరు చెప్పండి.”

“ఏం నంబరు?”

“వెబ్‌సైట్లో వస్తువు పక్కన కనిపించే నంబరు. అది చెప్పినవాళ్ళకే ఇవ్వాలని ఆర్డరు.”

“అందులో నా పుస్తకమే కనిపించట్లేదు కదమ్మా!”

“కనిపించదు మాస్టారూ. గొడుగు, బ్యాగు, ఫోను, కళ్ళజోడు, ఈ నాలుగే కనిపిస్తాయి. మిగతావన్నీ ‘ఇతరములు’ అట. స్టైల్‌షీట్లో ఇతరములకి ఏమీ రాయలేదట. లోపల అన్నీ భద్రంగా ఉన్నాయి, బయటికే రావు.”

“పోనీ, ఆ నంబరు నీకు కనిపిస్తోందా?”

“కనిపిస్తోంది. నేను చెప్పకూడదు. నేను చెబితే వస్తువు మీదని నాకెలా తెలుస్తుంది?”

మామయ్య ఆమె వంక చూశాడు. ఆమె తల దించుకుంది. ఆమె వెనక మూడడుగుల దూరంలో పుస్తకం ఉంది.

“ఫిర్యాదు రాసిస్తాను.”

“ఫిర్యాదు కాగితంలో మొదటి గడి వస్తువు నంబరే మాస్టారూ” అంది గొడుగులమ్మ.

అదే సమయంలో పై అంతస్తులో డిపో పెద్దసారు తన కంప్యూటరు చూసుకుని మురిసిపోతున్నాడు. ఆయనకి వేరే స్టైల్‌షీటు. అవే వివరాలు, కానీ ఆకుపచ్చ చక్రంలా కనిపిస్తాయి. దాని మధ్యలో “ఫిర్యాదులు: సున్నా”. ఇంత మనశ్శాంతి ఏ యోగాభ్యాసం ఇస్తుంది చెప్పండి!

మామయ్య నాలుగు రోజులు వరసగా వెళ్ళాడు. పుస్తకాన్ని చూసి వచ్చేవాడు. ఆస్పత్రిలో మనిషిని చూసి వచ్చినట్టు.

అయిదో రోజు గడియారాలాయన దుకాణానికి వచ్చాడు. చేతిలో బూడిదరంగు బట్ట. ముఖం వెలిగిపోతోంది.

“అమ్మాయి పెళ్ళండీ. ఇంక తొమ్మిది రోజులే. కోటు కుట్టాలి. నా కొలతలు మీ దగ్గరున్నాయిగా!”

“ఉన్నాయండీ” అన్నాడు మామయ్య. బట్ట అందుకున్నాడు.

ఆయన వెళ్ళాక అత్తయ్య సూది పక్కన పెట్టింది. “ఒక్కసారి టేపు పెడతానని అడిగితే ఏం పోతుందండీ?”

“పన్నెండేళ్ళ కిందట ఆయన ముఖం నువ్వు చూడలేదు. పెళ్ళికోటు కోసం మళ్ళీ అలా నిలబెట్టనా?”

“పోనీ గుర్తున్నంతవరకు కుట్టండి.”

“మిగతావాళ్ళవైతే గుర్తు మీద కుట్టేద్దును. వీపు ఒక్క అంగుళం తేడా వస్తే అందరి కళ్ళూ అక్కడికే పోతాయి. ఆ ఒక్కరోజూ పోకూడదు.”

మర్నాడు మామయ్య ఈ సంగతంతా గొడుగులమ్మకి చెప్పాడు. అడగడానికి కాదు, ఊరికే చెప్పాడు. ఆమె పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

“మాస్టారూ, ఈ గదిలో వస్తువు మీకివ్వడానికి నాకు అధికారం లేదు.”

“తెలుసమ్మా.”

“కానీ వస్తువు పారేసుకోవడానికి అధికారం ఎందుకు? ఎవరైనా పారేసుకోవచ్చు కదా! మీరెక్కే బస్సు ఎన్నింటికి?”

“ఒంటిగంటకి.”

“భోజనం టైమే” అంది గొడుగులమ్మ.

ఒంటిగంట బస్సులో మామయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. గొడుగులమ్మ సంచీతో ఎక్కి వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ముఖముఖాలు చూసుకోలేదు. ఉద్యోగం పోతుందేమోనని ఆమెకి, ఆమె ఉద్యోగం పోతుందేమోనని ఈయనకి భయం. తర్వాత స్టాపులో ఆమె లేచి దిగిపోయింది. సీటు మీద నీలం అట్ట మిగిలింది. మామయ్య దాన్ని రెండు చేతులతో తీసుకుని, సుద్దముక్క ఉందో లేదో కూడా చూసుకున్నాడు. ఉంది.

ఆమె గదికి తిరిగొచ్చి కంప్యూటరులో నిజమే రాసింది. “ఇతరములు, ఒకటి. మళ్ళీ పోయింది.” ఏమవుతుందోనని వారం రోజులు నిద్రపోలేదట. ఏమీ కాలేదు. ఇతరములు ఎవరికీ కనిపించవు కదా! చూశారా, ఉద్యోగులకి కూడా ఎంత రక్షణో!

కోటు సమయానికి అందింది. పెళ్ళిలో గడియారాలాయన ప్రతి ఫొటోలోనూ ముందు వరసలో నిలబడ్డాడు. వీపు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇంతకీ అంత గొప్ప స్టైల్‌షీటు రాసిన మహానుభావుడు ఎవరని మీరు అడగనేలేదు!

నేనే. పత్రికకి రాయడం నా సరదా, వెబ్‌సైట్లకి రాయడం నా ఉద్యోగం.

ఈ సంగతి నిన్న చొక్కా కుట్టించుకోవడానికి వెళ్ళి, మామయ్య దగ్గర బయటపెట్టాను. ఆయన నా మెడ చుట్టూ టేపు వేసి ఉన్నాడు. బిగిస్తాడేమోనని నాకు భయం వేసింది. బిగించలేదు.

“ఏరా అల్లుడూ, అది రాసేముందు ఆ గది చూశావా?”

“లేదు మామయ్యా. మూడు రోజుల్లో ప్రారంభోత్సవం అన్నారు.”

“గొడుగులమ్మతో మాట్లాడావా?”

“లేదు.”

“వస్తువు పోగొట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణయినా అడిగావా?”

“లేదు.”

మామయ్య టేపు తీసి మెడలో వేసుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

“మరి కొలతలు ఎవరివి తీసుకున్నావురా?”

“పెద్దసారువి.”